టాస్క్‌బార్ మూలన ఆ రెండు కంప్యూటర్ల బొమ్మ

రెండు వారాల క్రితం, ఆదివారం పొద్దున్నే వైజాగ్ నుంచి నాన్న ఫోను.

"ఒరేయ్, కింద మూలన నెట్ బొమ్మ పోయిందిరా."

"నెట్ వస్తోందా నాన్నా?"

"వస్తోంది. పేపరు చదువుతున్నాను. బొమ్మే లేదు."

"నెట్ వస్తుంటే బొమ్మతో పనేముంది, వదిలెయ్" అన్నాను నిద్రమత్తులో. ఆయన వదల్లేదు. "రేపు నెట్ పోతే ఎక్కడ చూసుకోవాలి మరి?" అన్నాడు.

మా నాన్న స్టీల్ ప్లాంటులో మెయింటెనెన్స్ పని చేసి రిటైరైన మనిషి. ప్యానెల్ మీద దీపం వెలగకపోతే, యంత్రం తిరుగుతున్నా సరే, ఆయన లెక్కలో అది సగం చెడిపోయినట్టే. మనమేమో "పని చేస్తోందిగా" అనేసి పక్కకి జరిగిపోయే ఐటీ వాళ్ళం. ఆయన ఫోను పెట్టేశాక ఆ బొమ్మ కథ ఏంటా అని వెనక్కి వెళ్ళి చూస్తే, మా ఊళ్ళో ఇంటి ఇంటర్నెట్ చరిత్ర సగం అందులోనే కనపడింది. ఒక్కో కాలంలో తప్పు ఒక్కో చోట ఉండేది. బొమ్మ మాత్రం ఎప్పుడూ తనకి కనపడినంత మేరకే చెప్పేది.

మొదలు 1995. ఆ ఏడాది ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది, అదీ ముందు పెద్ద నగరాల్లో. సరిగ్గా తొమ్మిది రోజులకి, ఆగస్టు 24న, అమెరికాలో విండోస్ 95 విడుదలయ్యింది. స్టార్ట్ బటన్, టాస్క్‌బార్, కుడి మూలన గడియారం ఉన్న చిన్న గూడు, అన్నీ దాంతోనే వచ్చాయి. మైక్రోసాఫ్ట్ ఆ గూటికి పెట్టిన పేరు నోటిఫికేషన్ ఏరియా. జనం మాత్రం సిస్టమ్ ట్రే అన్నారు, ఇప్పటికీ అలాగే అంటాం. అంటే దారీ, దారి చివర పెట్టే సిగ్నల్ దీపానికి చోటూ తొమ్మిది రోజుల తేడాతో వచ్చాయన్నమాట. రెండూ విశాఖకి వెంటనే రాలేదు. 1933లో తెరిచిన పోర్టు ఉంది, 1992 ఆగస్టు 1న జాతికి అంకితం చేసిన ఉక్కు కర్మాగారం ఉంది, జపానుకి ఇనప ఖనిజం ఓడల్లో పంపే ఊరు. అయినా ఇంటర్నెట్ విషయంలో మహానగరాల తరవాతే మన వంతు.

ఆ తరవాత డయలప్ రోజులు. నేనప్పుడు పసివాణ్ణి, ఆ కాలం సంగతులు పక్క క్వార్టర్‌లో ఉండే అన్నయ్య చెప్పగా విన్నవే. 1998లో ప్రైవేటు ఐఎస్పీలకి అనుమతి వచ్చింది. 2000 అక్టోబరు 1న బీఎస్ఎన్ఎల్ ఏర్పడింది. సంచార్‌నెట్ ఖాతా ఉన్నవాళ్ళు 172233 కొట్టేవాళ్ళు. ఖాతా లేకుండా ఫోను బిల్లులోనే కట్టే నెట్‌వన్ అయితే 172222. మోడెం కీచుమని అరిచి, గరగరలాడి ఊరుకున్నాక, గడియారం పక్కన ఒకదాని వెనక ఒకటి నిలబడ్డ రెండు కంప్యూటర్ల బొమ్మ ప్రత్యక్షమయ్యేది. మనం ఏదైనా పంపితే ఒకటి, అవతలి నుంచి ఏదైనా వస్తే ఇంకొకటి మిణుకుమనేది. మౌసు దాని మీద పెడితే ఎన్ని బైట్లు వచ్చాయో, ఎన్ని పోయాయో లెక్క. నెట్ గంటలకి డబ్బు, ఫోను కాల్‌కి డబ్బు. అందుకే జనం కళ్ళు పేజీ మీద కన్నా ఆ బొమ్మ మీదే ఎక్కువ ఉండేవి.

ఆ అలవాటు ఒకసారి బాగా పనికొచ్చింది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ వార్మ్ ప్రపంచం మీద పడింది. విండోస్ ఎక్స్‌పీ, 2000 యంత్రాల్లో ఆర్పీసీ అనే సర్వీసులో ఉన్న లోపంలోంచి దూరేది. నెట్‌కి తగిలించి ఊరికే కూర్చున్నా చాలు. కాసేపటికి "60 సెకన్లలో షట్‌డౌన్" అని పెట్టె వచ్చి కంప్యూటరు ఆరిపోయేది. అది రాకముందే ఒక గుర్తు ఉండేది. మనం ఏ పేజీ తెరవకపోయినా ఆ రెండు కంప్యూటర్లూ ఆగకుండా మిణుకుమంటుండేవి. యంత్రం మన ప్రమేయం లేకుండా ఎవరితోనో మాట్లాడుతోందని తెలిసేది ఆ మిణుకుతోనే. తరవాతి ఏడాది సాసర్ వచ్చేసరికి ఆ అన్నయ్య బొమ్మ మిణుకు చూసి ముందు వైరు పీకేసేవాడట, కారణం తరవాత వెతికేవాడట. పెద్ద పెద్ద కంపెనీల్లో ఇన్సిడెంట్ రెస్పాన్స్ అని మనం ఇప్పుడు చేసేదీ అంతకు మించి ఏమీ లేదు :)

2004 అక్టోబరు 14న కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించింది. 256 కేబీపీఎస్, ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి, అదీ అప్పటి నిర్వచనం. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ మొదలయ్యింది. రాత్రి 2 నుంచి పొద్దున 8 దాకా డౌన్‌లోడుకి లెక్క లేని ప్లాన్ వల్ల ఒక తరం ఇంజనీరింగ్ కుర్రాళ్ళకి నిద్ర కరువయ్యింది. 2007 జనవరి 1న వేగాన్ని 2 ఎంబీపీఎస్‌కి పెంచారు.

మా ఇంట్లోకి కంప్యూటర్, కనెక్షన్ వచ్చింది ఈ రోజుల్లోనే. నాకు తొమ్మిదేళ్ళు. ఎక్స్‌పీలో ఆ బొమ్మ మీద మౌసు పెడితే "స్పీడ్: 100.0 ఎంబీపీఎస్" అని వచ్చేది. నాన్న దాన్ని చూసి మురిసిపోయాడు. అరగంటయినా ఒక్క పాట దిగలేదు. "వంద చూపిస్తోంది, పాటేటి ఇంకా రాలేదు?" అని ఆయన ప్రశ్న. ఆ వంద కంప్యూటర్‌కీ దాని పక్కనే అడుగు దూరంలో ఉన్న మోడెంకీ మధ్య వేగమని, మోడెం దాటాక సంగతి బొమ్మకి తెలీదని పక్కింటి అన్నయ్య చెప్పాడు. ఒక్క అడుగు వైరు గురించి నిజం చెప్పే సాక్షిని పట్టుకుని మనం ఊరంతా అడుగుతున్నామన్నమాట.

ఆ మాట నాన్నకి బాగా ఎక్కింది. ప్లాంటులో రాసినట్టే ఒక పాత డైరీలో లాగ్‌బుక్ మొదలెట్టాడు. అందులో వరస ఇది: ముందు మోడెం దీపాలు చూడు. డీఎస్ఎల్ దీపం మిణుకుతుంటే తప్పు బయట, ఫోను లైనులో. నిలకడగా ఉంటే తప్పు లోపల. తరవాత ఐపీ అడ్రసు చూడు. 192.168.1 అని మొదలైతే మోడెం మాట్లాడుతోంది. 169.254 అని మొదలైతే మాట్లాడట్లేదు.

ఈ 169.254 సంగతి చాలామందికి అనుభవమే. మోడెం నుంచి అడ్రసు అందకపోతే విండోస్ తనకి తానే ఒకటి పెట్టేసుకుంటుంది, దాని మొదలు ఎప్పుడూ ఇదే. 2004లో వచ్చిన ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 దీనికి బొమ్మ మీద పసుపు త్రికోణం తగిలించి "లిమిటెడ్ ఆర్ నో కనెక్టివిటీ" అని పెట్టింది. అంతకు ముందు అడ్రసు లేకపోయినా బొమ్మ నవ్వుతూనే ఉండేది. అదే ప్యాక్‌లో ఇంకో మంచి పని "నెట్‌ష్ విన్‌సాక్ రీసెట్" అనే ఆజ్ఞ. యాడ్‌వేర్‌ని పీకేస్తే అది నెట్‌వర్క్ పొరల్లో దూర్చిన ముక్క తెగి, బొమ్మ బాగానే ఉన్నా ఒక్క పేజీ తెరుచుకోని రోగానికి మందు అది.

నాన్న డైరీలో విశాఖకే ప్రత్యేకమైన ఒక పద్దు ఉంది. "జాయింటు చిలుము." సముద్రపు గాలిలో ఉప్పు, తేమ. రాగి తీగ అతుకుల మీద పచ్చగా చిలుము పట్టేది. వాన వెలిసిన మర్నాడు డీఎస్ఎల్ దీపం తాగినవాడిలా ఊగేది. లైన్‌మన్ వచ్చి డీపీ బాక్స్‌లో అతుకు గీకి మళ్ళీ మెలేసి వెళ్తే ఓ రెండు నెలలు హాయి. ఎక్కడో రెడ్మండ్‌లో గీసిన బొమ్మకి మన ఉప్పుగాలి గురించి ఏం తెలుస్తుంది?

ఇక బొమ్మే మాయమవటం. ఇది అసలు నెట్‌వర్క్ జబ్బే కాదు. టాస్క్‌బార్‌ని నడిపేది ఎక్స్‌ప్లోరర్ అనే ప్రోగ్రాం. కంప్యూటర్ లేచేటప్పుడు అందరూ ఒకేసారి దాని మీద పడి "నా బొమ్మ పెట్టు" అంటారు. అది వేరే పనిలో ఉండి జవాబివ్వకపోతే, అడిగిన ప్రోగ్రాం కాసేపు చూసి ఊరుకుంటుంది. ప్రోగ్రాం నడుస్తూనే ఉంటుంది, బొమ్మ మాత్రం ఉండదు. ఎక్స్‌ప్లోరర్ కూలి మళ్ళీ లేస్తే "టాస్క్‌బార్ క్రియేటెడ్" అని అందరికీ ఒక కబురు పంపుతుంది. అది విని మళ్ళీ బొమ్మ పెట్టుకునేలా ప్రోగ్రాం రాసినవాడి బొమ్మలే తిరిగొస్తాయి. ఇవి కాక, పాత బొమ్మల జాబితాని విండోస్ రిజిస్ట్రీలో దాచుకుంటుంది. అది పాడయితే దాన్ని తుడిచేసి ఎక్స్‌ప్లోరర్‌ని మళ్ళీ లేపటం ఇంకో వైద్యం. కబురు తెచ్చేవాడు రాలేదని కబురే లేదనుకోకూడదు, అదీ సంగతి.

2007లో విస్టాతో బొమ్మకి కొంచెం దూరపు చూపు వచ్చింది. మోడెం దాకా చూసి ఊరుకోకుండా, మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో ఉన్న ఒక చిన్న టెక్స్ట్ ఫైలు అడిగి, అది వస్తేనే "ఇంటర్నెట్ ఉంది" అనటం మొదలెట్టింది. బాగుంది కదా! కానీ 2008 జనవరి 30న ఈజిప్టు అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో రెండు కేబుళ్ళు తెగి మన దేశంలో నెట్ కుంటుపడినప్పుడు, ఆ చిన్న ఫైలు ఎలాగోలా వచ్చేస్తే బొమ్మ "ఉంది" అనే అంటుంది. దానికి తెలిసింది ఉందా లేదా అన్నదే, ఎంత అన్నది కాదు. 2020లో దీనికి తిరగేసిన కథ. అందరం ఇళ్ళల్లో కూర్చుని పని చేస్తున్న రోజుల్లో, ఆ ఏడాది మే నెల విండోస్ 10 అప్‌డేట్ తరవాత కొందరి యంత్రాల్లో నెట్ బ్రహ్మాండంగా ఉన్నా "నో ఇంటర్నెట్" అని చూపించింది. ఇంకా విచిత్రం, కొన్ని ప్రోగ్రాములు ఆ మాట నమ్మి నెట్ వాడటమే మానేశాయి. సాక్షిని నమ్మేవాళ్ళు మనుషులే అనుకున్నాను, సాఫ్ట్‌వేర్ కూడానట.

ఇప్పుడు చెప్పాల్సింది 2014 అక్టోబరు 12. హుద్‌హుద్. నేను విజయవాడలో హాస్టల్లో ఇంటర్ చదువుతున్నాను. ఆ ఆదివారం మధ్యాహ్నం నుంచి ఇంటి ఫోను లేదు, సెల్లు లేదు. టీవీలో పైకప్పు లేచిపోయిన వైజాగ్ ఎయిర్‌పోర్టు చూపిస్తున్నారు. రెండు రోజులు హాస్టల్ వార్డెన్ ఫోను నుంచి అదే నంబరు కొట్టి కొట్టి వేళ్ళు నొప్పి పుట్టాయి. మూడో రోజు ఎవరి సెల్లో నుంచో నాన్న గొంతు. "అందరం బాగున్నాం, నువ్వు చదువుకో" అని పెట్టేశాడు. తరవాత ఎప్పుడో డైరీ తిరగేస్తే కరెంటు తిరిగొచ్చిన రోజు పద్దు కనిపించింది: "కంప్యూటర్ ఆన్. బొమ్మ ఉంది. కనెక్టెడ్, 100.0. డీఎస్ఎల్ దీపం లేదు. వీధిలో స్తంభాలు లేవు." ఎక్స్‌పీ ఇంకా అదే వంద చూపిస్తోంది. ఆ బొమ్మ అబద్ధం చెప్పలేదు. అడుగు వైరు క్షేమంగానే ఉంది. వీధి లేదు, అంతే.

నేను చేసే ఉద్యోగంలో డ్యాష్‌బోర్డులన్నీ ఆకుపచ్చగా ఉండి కస్టమర్ అరుస్తున్నప్పుడల్లా నాకు ఆ పద్దు గుర్తొస్తుంది. ఇది ఏ వైరు వరకు చూసి చెబుతోంది? ఆ ప్రశ్న నాకు కాలేజీలో ఎవరూ నేర్పలేదు.

ఆ తుఫాను తరవాత ప్రపంచ బ్యాంకు రుణంతో నగరంలో కొంత మేర కరెంటు తీగలు భూమిలోకి వెళ్ళాయి. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ని ప్రారంభించారు, నెలకి 149 రూపాయలకే టీవీ, ఫోను, నెట్. గాజు తీగకి చిలుము పట్టదు, కానీ దాన్ని కట్టింది మళ్ళీ కరెంటు స్తంభాలకే. ఇక 2025 అక్టోబరు 14న ఒక తమాషా జరిగింది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ ముగిసిన రోజు అది. అదే రోజు ఢిల్లీలో గూగుల్, విశాఖలో అయిదేళ్ళలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం కడతామని, సముద్రం అడుగు నుంచి కేబుళ్ళు విశాఖ తీరానికి తెస్తామని ప్రకటించింది. ముప్ఫయ్యేళ్ళ కింద తొమ్మిది రోజుల తేడాతో మొదలైన కథ ఈసారి ఒకే తేదీన మలుపు తిరిగింది. అవన్నీ అనుకున్నట్టు వస్తే, రేపు కేబుల్ తెగితే అలెగ్జాండ్రియా వైపు కాదు, మన బీచ్ వైపే చూడాల్సి రావచ్చు.

నాన్న సంగతి మర్చిపోయాననుకున్నారా? ఆ సాయంత్రం నేనే ఫోను చేశాను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కించి, జాబితాలో విండోస్ ఎక్స్‌ప్లోరర్ మీద కుడి క్లిక్కు, రీస్టార్ట్. తెర ఒక్కసారి నల్లబడింది, "ఏటైందిరా!" అన్నాడు. మరుక్షణం బొమ్మ వచ్చేసింది. ఆ తరవాత పెన్ను క్యాపు తీసిన చప్పుడు వినిపించింది.

"ఆగు, రాసుకుంటున్నాను. తప్పు నెట్‌లో కాదు, చూపించేదాంట్లో. అంతేనా?"

"అంతే నాన్నా."