రాగిరేకుల ముందు ఉపన్యాసం

రాజమహేంద్రవరానికి ఉపన్యాసాలు కొత్త కాదు. సంఘసంస్కరణ సభలకు చోటు కావాలని వీరేశలింగం పంతులుగారు 1890లో సొంత డబ్బుతో టౌన్ హాలు కట్టించారు. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్ర పాల్ వచ్చి ఇంగ్లీషులో మాట్లాడితే, చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు పక్కనే నిలబడి తెలుగులో చెప్పారు. ఆ మాటలు విన్న విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని కాలేజీలకు వెళ్లారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు చదువే పోగొట్టుకున్నారు. కోటిపల్లి బస్టాండు దగ్గరి చోటును పాల్ చౌక్ అని ఈనాటికీ అంటున్నాం. జనానికి అర్థమయ్యే భాషలో చెబితే మాట ఎంతదూరం పోతుందో ఈ ఊరు కళ్లారా చూసింది.

చరిత్ర పరిశోధనకూ ఇక్కడ గట్టి పునాదే పడింది. రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకం 1022 ఆగస్టు 16న జరిగింది. దానికి తొమ్మిది వందల ఏళ్లు నిండిన 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఇక్కడే పుట్టి, పట్టాభిషేక సంచికను వెలువరించింది. ఆ మండలికి ప్రాణంపెట్టి పనిచేసిన రాళ్లబండి సుబ్బారావుగారి పేరే గోదావరి గట్టు దగ్గరున్న మ్యూజియానికి పెట్టారు. అది 1967లో ఏర్పడింది.

ఆ మ్యూజియంలో చరిత్ర ఉపన్యాసాలు క్రమం తప్పకుండా, ఉచితంగా, తెలుగులో జరగాలన్నది నా గట్టి కోరిక. హాలు కావాలంటే ఊళ్లో చాలా ఉన్నాయి. వస్తువు ఎదురుగా ఉన్నచోట చెప్పే చరిత్ర వేరు.

తూర్పు చాళుక్యుల తామ్రశాసనాన్నే తీసుకోండి. రాగిరేకులకు చిల్లుపెట్టి, తాళాలగుత్తిలా ఒక కడియానికి గుచ్చి, కడియం అతుకు మీద రాజముద్ర వేస్తారు. ముద్రలో వరాహం, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అన్న బిరుదు ఉంటాయి. అక్షరాలు అరగకుండా రేకు అంచులు కొంచెం పైకి లేపుతారు. మొదట వంశావళి వస్తుంది. ఏ రాజు ఎన్నేళ్లు ఏలాడో వరసగా చెబుతారు. వేంగిని ఏలిన ఈ రాజుల కాలక్రమం చరిత్రకారులు కట్టగలిగింది చాలావరకు ఆ లెక్కలతోనే. తర్వాత దానం, ఆపైన ఎల్లలు: తూర్పున ఏ ఊరు, దక్షిణాన ఏ చెరువు. నాకు అన్నిటికన్నా ప్రాణం ఈ ఎల్లలే. రాజుల పేర్లు పుస్తకాల్లో దొరుకుతాయి. చెరువుల పేర్లు మాత్రం ఆ పొలాల్లో తిరిగినవాళ్ల నోటనే బతుకుతాయి.

అద్దాలపెట్టె కింద నాలుగు పంక్తుల చీటీలో ఇదంతా పట్టదు. లిపి తెలిసిన మనిషి పక్కన నిలబడి, ఏ గీత ఏ అక్షరమో చూపించి చెప్పాలి. విన్నవాళ్లు అడగాలి. ఉచితం అనడం కూడా అందుకే. బస్సు చార్జీ పెట్టుకుని పల్లె నుంచి వచ్చే మనిషికి టికెట్టు అదనపు భారం. పైగా అతనికి తెలిసిన ఊరిపేరు ఒక్కోసారి పండితుడికి తెలియకపోవచ్చు. సమయం కూడా చూసుకోవాలి. ఆఫీసు వేళల్లో పెడితే విశ్రాంత ఉద్యోగులు తప్ప ఎవరూ రాలేరు. ఆదివారం సాయంత్రమైతే పిల్లలూ వస్తారు.

మొదటి ఉపన్యాసం నందంపూడి శాసనం మీద పెట్టాలంటాను. 1053 నాటిది. రాజరాజు నారాయణభట్టుకు అగ్రహారం ఇచ్చిన శాసనం అది, రాసినవాడు నన్నయభట్టు. నందంపూడి ఈనాటికీ కోనసీమలో ఉంది. ఆ ఊరివాళ్లకు పిలుపు ముందుగా వెళ్లాలి.