బండెక్కిన శివంగి

శివంగి అనగానే మన కళ్లముందు ఆడసింహం మెదులుతుంది. పక్కనున్న తమిళంలో మాత్రం సివింగి అంటే చీతా. చిరుతపులి వేరు, ఇది వేరు. చిరుత ఒంటిమీద గుత్తులు గుత్తులుగా మచ్చలు ఉంటాయి. చీతాకు నిండు చుక్కలు, సన్నటి నడుము, కంటికొన నుంచి మూతిదాకా జారిన నల్లటి చార. ఇన్ని తేడాలున్నా జనం నోట రెండూ ఒకటైపోయాయి. చూడ్డానికి చీతా మిగల్లేదు కాబట్టి ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

ఒకప్పుడు రాజులు చీతాను వేటకుక్కలా పెంచేవారు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేరిట వెలువడిన ‘మానసోల్లాసం’లోనే చీతాతో వేట ప్రస్తావన ఉంది. మొగలుల నాటికి అది దర్బారు వైభవమైంది. అక్బరుకు ఇష్టమైన సమంద్ మానిక్ అనే చీతా పల్లకిలో ఊరేగేదని, దాని ముందు నగారా మోగేదని ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజల్ రాశాడు.

వేట తీరు చూడముచ్చటగానే ఉండేది, జింకకు తప్ప. చీతా కళ్లకు గంతలు కట్టి ఎద్దుబండి మీద కూర్చోబెట్టేవారు. పొలాల్లో రోజూ తిరిగే బండే కదా అని కృష్ణజింకలు బెదిరేవి కావు. బండి దగ్గరికి చేరగానే గంతలు విప్పి వదిలేవారు. కొద్ది క్షణాల పరుగు, గొంతు మీద పట్టు, అంతే. సాకేవాడు వెళ్లి గరిటెలో వేడి నెత్తురు పట్టి మరిపిస్తే, చీతా జింకను వదిలి మళ్లీ బండెక్కేది.

ఇంత మచ్చికైన జంతువు బోనులో పిల్లల్ని మాత్రం పెట్టలేదు. తన తండ్రి అక్బరు 1000 చీతాలను పోగుచేసినా అవి జతకట్టలేదని జహంగీరు తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఆయన కాలంలో, 1613లో, ఒక మగ చీతా పట్టెడ తప్పించుకుని ఆడదాన్ని చేరితే మూడు కూనలు పుట్టాయి. చక్రవర్తి అంతటివాడు దాన్ని వింతగా గ్రంథస్థం చేశాడు. బందిఖానాలో మరో కాన్పు నమోదు కావడానికి 1956 దాకా, అదీ అమెరికాలోని ఫిలడెల్ఫియా జూలో జరిగేదాకా, ఆగాల్సి వచ్చింది.

అంటే బండెక్కిన ప్రతి చీతా అడవి నుంచి పట్టి తెచ్చిందే. పైగా కూనలు పనికిరావు. వేట నేర్పేది తల్లి, మనిషి కాదు. అందుకే ఈడొచ్చిన వాటినే పట్టేవారు. చీతాలు వచ్చి గోళ్లు గీరుకునే చెట్టును కనిపెట్టి, దాని చుట్టూ జింక నరాలతో పేనిన ఉచ్చులు పన్నేవారు. పిల్లల్ని కనాల్సిన జంతువులే ఏటేటా దర్బార్లకు తరలిపోయాయి. చీతాను ముద్దుచేసిన ఆచారమే దాని వంశానికి గొయ్యి తవ్వింది. తుపాకులు ఆ తర్వాతి మాట.

తెల్లదొరల పాలనలో తుపాకులూ వచ్చాయి. 1870ల నుంచి చీతాను చంపినవారికి సర్కారు బహుమానాలు ఇచ్చింది. 1880లో విశాఖపట్నంలో గవర్నరు ఏజెంటు ఓ.బి. ఇర్విన్, విజయనగరం రాజావారి చీతా దాడిలో చనిపోయాడు. చీతా వల్ల మనిషి చనిపోయినట్టు నమోదైన బహు అరుదైన ఉదంతమిది; బహుమానాలు పెట్టేంత ముప్పేమీ లేదు. మరోవైపు తుప్పలూ బీళ్లూ దున్నుడు కిందికి వచ్చాయి, జింకలు తరిగాయి. 20వ శతాబ్దంలో కొల్హాపూరు, భావనగరు సంస్థానాలు వేట సరదా తీర్చుకోవడానికి ఆఫ్రికా నుంచి చీతాలను తెప్పించుకున్నాయి. 1918–1945 మధ్య అలా సంస్థానాలకు దిగుమతైనవి దాదాపు 200. ఇక్కడ దొరికితే ఓడలెందుకు?

1947లో నేటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానం మహారాజు రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ ఒకే రాత్రి మూడు మగ చీతాలను కాల్చాడు. ఆ కబురు ఫోటోతో సహా బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికకు చేరింది. చెత్తబుట్టలో పడేద్దామనిపించినా, పొగడ్తగా కాక అభిశంసనగా అచ్చువేస్తున్నామని సంపాదకులు స్పష్టంగా రాశారు.

1952లో ప్రభుత్వం చీతా అంతరించిందని ప్రకటించింది. 2022 సెప్టెంబరులో మధ్యప్రదేశ్‌లోని కూనోకు ఎనిమిది చీతాలు వచ్చాయి గానీ అవి నమీబియావి, ఆఫ్రికా జాతివి. ఆ 1952లోనే అదే బొంబాయి పత్రికలో కె.ఎం. కిర్క్‌ప్యాట్రిక్ రాసిన చిన్న నోటు ఒకటి అచ్చయింది. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని చిత్తూరు జిల్లాలో చీతా కనిపించిందని.