స్ఫటికం లోపలి వాలు

1945లో నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్‌లో వాన్ హీర్డెన్ ఒక సిల్వర్ క్లోరైడ్ స్ఫటికాన్ని బాగా చల్లబరిచి, రెండు పక్కలా ఎలక్ట్రోడ్లు పెట్టి వోల్టేజి ఇచ్చాడు. వికిరణ కణం దూరినప్పుడల్లా ఒక చిన్న విద్యుత్ స్పందన కనిపించింది. ఘనపదార్థపు డిటెక్టర్లకు అది తొలి అడుగు. కణం తాకిడికి స్ఫటికంలో ఆవేశాలు పుడతాయి. నేల వాలు నీటిని నడిపించినట్టు విద్యుత్ క్షేత్రం వాటిని ఎలక్ట్రోడ్ల దాకా నడిపిస్తుంది. కానీ ఆ స్ఫటికంలో కొన్ని ఆవేశాలు మధ్యలోనే చిక్కుకుని, ఎదురు క్షేత్రాన్ని పుట్టించేవి. దాంతో స్పందన రానురాను నీరసించిపోయేది.

1949లో బెల్ ల్యాబ్స్‌లో కెన్నెత్ మెకే జెర్మేనియం డయోడ్‌తో ఆల్ఫా కణాలను పట్టాడు. ఆ తర్వాత డిటెక్టర్లలోకి వచ్చిన పీ-ఎన్ సంధికి లోపలే సొంత క్షేత్రం ఉంటుంది. రివర్స్ బయాస్, అంటే ఎదురు దిశలో వోల్టేజి, ఇస్తే అది ఇంకా లోతుకు పాకుతుంది. చిక్కల్లా ఆ లోతు దగ్గరే. దాన్ని రెట్టింపు చేయాలంటే వోల్టేజి నాలుగింతలు చేయాలి, లేదా మలినాలను నాలుగో వంతుకు దించాలి. ఆల్ఫా కణాలకు పలుచని పొర చాలు. గామా కిరణాలకు సెంటీమీటర్ల మందం కావాలి.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ముచ్చటైన ఘట్టం 1960 నాటిది. జనరల్ ఎలక్ట్రిక్‌లో పెల్, స్ఫటికంలోకి లిథియం ఎక్కించి, కాస్త వేడి మీద వోల్టేజి ఇచ్చాడు. క్షేత్రం తోసుకెళ్తుంటే లిథియం అయాన్లు ఎక్కడ మలినం ఉందో అక్కడికి సర్దుకుని, దాని ఆవేశాన్ని రద్దు చేశాయి. ఎక్కడైనా ఎక్కువ తక్కువలుంటే అక్కడి క్షేత్రమే మారి వాటిని సరిచేస్తుంది. అంటే క్షేత్రం తనకు కావలసిన చోటును తానే సిద్ధం చేసుకుందన్నమాట! జెర్మేనియంలో ఈ ఏర్పాటు చాలా సుకుమారం. వాడకపోయినా దాన్ని ద్రవ నైట్రోజన్ చలిలోనే ఉంచాలి. వేడెక్కితే లిథియం కదిలిపోయి డిటెక్టర్ పాడవుతుంది.

1970 ప్రాంతంలో హాల్, హాన్సెన్‌లు జెర్మేనియాన్నే శుద్ధి చేసే దారి పట్టారు. సుమారు నాలుగు లక్షల కోట్ల పరమాణువులకు ఒక్క మలిన పరమాణువు! లిథియం నింపే పనీ, నిరంతర కాపలా రెండూ తప్పాయి. పనిచేసేటప్పుడు మాత్రం చలి కావాలి.

1980లలో గట్టి, రేహాక్ క్షేత్రాన్ని సిలికాన్ పలక పొడవునా పక్కకు మళ్లించారు. ఎలక్ట్రాన్లన్నీ ఒక బుల్లి ఆనోడ్‌కు చేరతాయి. ఆనోడ్ ఎంత చిన్నదైతే విద్యుత్ రొద అంత తక్కువ. 2023లో చంద్రుడి మీద తిరిగిన ప్రజ్ఞాన్ రోవర్‌లోని ఏపీఎక్స్ఎస్ పరికరం, క్యూరియం-244 ధాటికి అక్కడి మట్టి వెలువరించిన ఎక్స్‌రేలను ఈ రకం సిలికాన్ డ్రిఫ్ట్ డిటెక్టర్‌తోనే కొలిచి, అందులోని మూలకాలను గుర్తుపట్టింది.