డీఆర్‌జీ చెల్లింపు పద్ధతి

డయాగ్నసిస్ రిలేటెడ్ గ్రూప్స్ లేదా డీఆర్‌జీ అనేది రోగి జబ్బును, అందించిన చికిత్సను బట్టి ముందుగా నిర్ణయించిన మొత్తాన్ని ఆసుపత్రికి చెల్లించే విధానం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ప్రధానంగా వృద్ధులకు ఉద్దేశించిన మెడికేర్ ఆరోగ్య బీమా పథకంలో ఇది 1983 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చింది. డబ్బు చెల్లించే తీరు మారితే వైద్యం చేసే తీరు కూడా మారుతుందనడానికి ఆరోగ్య అర్థశాస్త్రంలో దీనిని తరచుగా ఉదహరిస్తారు.

నేపథ్యం

1966లో మెడికేర్ మొదలైనప్పుడు ఆసుపత్రులు తమకైన ఖర్చును చూపి ప్రభుత్వం నుండి రాబట్టుకునేవి. రోగి ఎక్కువ రోజులు ఉంటే ఆసుపత్రికి వచ్చే సొమ్ము పెరిగేది. పొదుపు చేసిన ఆసుపత్రికి ఒరిగేదేమీ ఉండేది కాదు. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ ఫెట్టర్, జాన్ థాంప్సన్‌లు ఒకే స్థాయిలో ఖర్చయ్యే రోగులను వర్గాలుగా విభజించే పద్ధతిని రూపొందించారు. దీనిని 1980లో న్యూజెర్సీ రాష్ట్రం చెల్లింపులకు వాడింది. 1983 ఏప్రిల్‌లో అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ సంతకం చేసిన చట్టంతో ఇది మెడికేర్‌లోకి ప్రవేశించింది.

పనిచేసే తీరు

ప్రతి వర్గానికి ఒక భారాంకం ఉంటుంది. దానిని మూల ధరతో హెచ్చవేసి, స్థానిక వేతనాలను బట్టి సవరించి, చెల్లించవలసిన మొత్తాన్ని లెక్కగడతారు. రోగి ఐదు రోజులున్నా తొమ్మిది రోజులున్నా సాధారణంగా చెల్లింపు ఒక్కటే. మిగిలినది ఆసుపత్రికి లాభం, మించినది నష్టం. అసాధారణంగా ఖర్చయిన కేసులకు కొంత అదనంగా ఇస్తారు. వైద్యుల రుసుము మాత్రం విడిగా, చేసిన సేవను బట్టి చెల్లిస్తారు.

ఆసుపత్రుల స్పందన

కొత్త పద్ధతి వచ్చిన కొద్ది కాలానికే రోగులు ఆసుపత్రిలో గడిపే రోజులు తగ్గాయి. కొన్ని చికిత్సలు ఔట్ పేషెంటు విభాగాలకు, కోలుకునే దశలోని సంరక్షణ నర్సింగ్ హోములకు, ఇళ్ళకు మారాయి. రోగులను పూర్తిగా కోలుకోకముందే పంపివేస్తున్నారన్న విమర్శ వచ్చింది. 1990లో ర్యాండ్ సంస్థ ప్రచురించిన అధ్యయనాలలో మరణాలు పెరిగినట్లు కనబడలేదు. అయితే ఆరోగ్యం నిలకడగా లేని స్థితిలో ఇంటికి వెళ్ళినవారి శాతం పెరిగినట్లు తేలింది.

ఎక్కువ ధర గల వర్గంలో పడేలా జబ్బు వివరాలను నమోదు చేయడం మరొక స్పందన. ఇందులో కొంత భాగం నమోదు మెరుగుపడటం వల్ల జరిగింది, కొంత భాగం ఆదాయం కోసం జరిగింది.

తదుపరి సవరణలు

డిశ్చార్జి అయిన 30 రోజులలోపు తిరిగి చేరే రోగుల సంఖ్య అధికంగా ఉన్న ఆసుపత్రులకు 2012 అక్టోబరు నుండి చెల్లింపులలో కోత విధిస్తున్నారు. ఈ కోత గరిష్ఠంగా 3 శాతం. తిరిగి చేరడాలు తగ్గినా, దీనివల్ల గుండె వైఫల్యం రోగుల మరణాలు పెరిగాయా అన్న విషయంలో పరిశోధకులు ఏకాభిప్రాయానికి రాలేదు.

భారతదేశంలో

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన రాజీవ్ ఆరోగ్యశ్రీ, 2018లో కేంద్రం ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ పథకాలలో చికిత్సకు ఇంత అని ప్యాకేజీ ధర ఉంటుంది. ఇవి డీఆర్‌జీలు కాకపోయినా ముందే ధర నిర్ణయించడం వీటిలోనూ ఉంది. శస్త్రచికిత్స జరిగితేనే సొమ్ము వచ్చే చోట అనవసర శస్త్రచికిత్సలకు అవకాశం ఏర్పడుతుంది. గర్భసంచి తొలగింపు విషయంలో ఇటువంటి ఆరోపణలు రాగా, ఆరోగ్యశ్రీలో దానిని ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేశారు. శస్త్రచికిత్సకు ముందస్తు అనుమతి తీసుకోవాలన్న నిబంధన ఉద్దేశాలలో ఇటువంటి వాటిని అరికట్టడం ఒకటి.