ముల్లుతో మొదలై ఎముక దాకా: మదురా ఫుట్ కథ

కాల్లో ముల్లు దిగితే ఏం చేస్తాం? పిన్నీసుతో తీసేసి పని చూసుకుంటాం. ఈరోజు నేను చెప్పే చరిత్ర కూడా చాలాసార్లు అలాంటి ముల్లుతోనే మొదలవుతుంది.

1842లో మదురై డిస్పెన్సరీలో పనిచేస్తున్న జాన్ గిల్ అనే డాక్టరు ఒక వింత పాదం జబ్బు గురించి రిపోర్టు రాశాడు. ఈ జబ్బులో పాదం ఉబ్బిపోతుంది. చర్మానికి చిల్లులు పడి, చీముతో పాటు ఇసుక రేణువుల్లాంటి గింజలు బయటికొస్తాయి. లోపల ఎముకని మెల్లగా తినేస్తుంది. కానీ చాలాకాలం పెద్దగా నొప్పి ఉండదు. అసలు ప్రమాదం అదే! చెప్పుల్లేకుండా పొలంలో దిగే మనిషి, నొప్పి లేదు కదా అని ఏళ్ల తరబడి అలాగే నడుస్తాడు. ఆ ఊరి పేరుమీదే దీన్ని 'మదురా ఫుట్' అన్నారు.

తర్వాత బొంబాయిలో హెన్రీ వాండైక్ కార్టర్ దీని వెంట పడ్డాడు. డాక్టరు చదివేవాళ్లందరికీ తెలిసిన 'గ్రేస్ అనాటమీ' పుస్తకానికి బొమ్మలు గీసింది ఈయనే. ఇది ఫంగస్ పని అని తేల్చి, 1860లో 'మైసెటోమా' అని పేరు పెట్టాడు.

కథ అయిపోయింది అనుకున్నారు. అవ్వలేదు. 1894లో హయసింత్ విన్సెంట్ అనే ఫ్రెంచ్ డాక్టరు, అల్జీరియాలోని ఒక రోగి పాదం నుంచి తీసిన గింజల్లో బ్యాక్టీరియాని పట్టుకున్నాడు. అంటే పైకి ఒకేలా కనిపించే జబ్బుకి లోపల ఇద్దరు వేర్వేరు శత్రువులు!

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, కాలు నిలబడుతుందా లేదా అనేది చాలావరకు ఇక్కడే తేలుతుంది. బ్యాక్టీరియా అయితే నెలల తరబడి యాంటీబయాటిక్స్ వాడితే చాలామందికి నయమవుతుంది. ఫంగస్ అయితే మందులతో పాటు తరచూ ఆపరేషన్ కూడా కావాలి. ముదిరితే కాలు తీసేయాల్సి రావచ్చు. నల్ల గింజలైతే ఫంగస్. తెల్లవైతే రెండిట్లో ఏదైనా కావచ్చు, ల్యాబ్‌లో చూస్తేనే తెలుస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల లిస్టులో చేర్చింది 2016లో. గిల్ రిపోర్టుకీ దీనికీ మధ్య 174 ఏళ్లు! డాక్టర్ల పేర్లు, ఊరి పేరు నాకు పుస్తకాల్లో దొరికాయి. కాళ్లు పోగొట్టుకున్న కూలీల పేర్లు మాత్రం ఎక్కడా కనపడలేదు.

మీ ఇంట్లో, మీ ఊళ్లో ఎవరికైనా నొప్పి లేని పాదం వాపు, మానని చిల్లులు ఉంటే 'ఏం కాదులే' అనకండి. డాక్టరుకి చూపించండి, ఆ గింజని టెస్ట్ చేయమని అడగండి.