మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో శాసన పరిశోధన – సంస్థల ఆవిర్భావం, వికాసం

తెలుగు, కన్నడ, తమిళ భాషలు కలిసే సరిహద్దున ఉన్న మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు బాణ, వైదుంబ, నొళంబ పాలకుల కాలపు శాసనాలకు, వీరగల్లులకు నెలవు. రేనాటి చోళుల చరిత్రలో పేర్కొనబడే చిప్పిలి మదనపల్లెకు సమీపాననే ఉన్నది. ఇట్టి ఆధారాలను సేకరించి, చదివి, భద్రపరచే సంస్థాగత కృషికి 1886వ సంవత్సరంలో అంకురార్పణ జరిగింది.

శాసన శాఖ స్థాపన

ఆ సంవత్సరం మద్రాసు ప్రభుత్వం జర్మన్ పండితుడు ఇ. హుల్ట్‌ష్‌ను శాసన పరిశోధకునిగా నియమించింది. శాసనాలకు కాగితంపై అచ్చుప్రతులు తీయడం, వాటిని వార్షిక నివేదికలలో నమోదు చేయడం ఈ శాఖ ప్రధాన విధులు. 1890లో దక్షిణ భారత శాసన సంపుటాల ప్రచురణ ఆరంభమైంది. అనంతరం వి. వెంకయ్య, హెచ్. కృష్ణశాస్త్రి ఈ కృషిని కొనసాగించారు. కార్యాలయం 1903లో ఉదకమండలానికి, 1966లో మైసూరుకు తరలించబడింది. తెలుగు శాసనాలతో కూడిన పదవ సంపుటం 1948లో వెలువడింది.

మారిన జిల్లాల సరిహద్దులు

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు మదనపల్లె కడప జిల్లాలోను, పుంగనూరు జమీందారీ, కుప్పం ఉన్న కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోను ఉండేవి. అందుచేత అంతకు పూర్వపు నివేదికలలో ఈ ప్రాంత శాసనాలను ఆయా జిల్లాల క్రింద వెదకవలసి ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణలో మదనపల్లె అన్నమయ్య జిల్లాలో చేర్చబడింది. కావున గ్రామం పేరుతో పాటు నాటి తాలూకా, జిల్లా పేర్లను కూడా పేర్కొనడం అవసరం.

కుప్పంలో పరిశోధన కేంద్రం

కర్ణాటక, తమిళనాడు, కేరళ రాష్ట్రాల సహకారంతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని స్థాపించింది. ఇందులో చరిత్ర, పురావస్తు, సంస్కృతి అధ్యయన శాఖ ఏర్పాటైనది. బహుభాషా శాసనాలు గల ప్రాంతంలోనే ఉన్నత విద్య, పరిశోధనలకు దీనితో అవకాశం కలిగింది.

పరిరక్షణ

రాష్ట్రంలో రక్షిత కట్టడాలకు, పురావస్తు స్థలాలకు 1960 నాటి రాష్ట్ర చట్టం వర్తిస్తుంది. భూమిలో దాగి లభించిన, పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపాన్ని గురించి 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయవలెను. పొలం గట్లపై, చెరువు కట్టలపై నిలిచిన వీరగల్లులు అనేకం ఏ రక్షణా లేనివే. రాయిని స్థానం నుండి తొలగించినచో అందులోని వీరునికి, గ్రామానికి గల సంబంధం తెగిపోతుంది. ఆ స్థలాన్ని ముందుగా నమోదు చేయడమే పరిరక్షణలో తొలి మెట్టు.