చర్చిలో బాంబు పెట్టింది ఆ ఊరివాళ్లే: బర్మింగ్‌హామ్ 1963

టెర్రరిస్ట్ అనగానే మనకి ఎవరు గుర్తొస్తారు? ఎక్కడో ట్రైనింగ్ అయ్యి, దొంగచాటుగా ఊళ్లోకి దిగిన ఎవడో బయటోడు. ఈ రోజు మాట్లాడుకునే కేసులో అలాంటోడు ఒక్కడూ లేడు. అందరూ లోకల్.

1963 సెప్టెంబర్ 15, ఆదివారం. అమెరికాలో అలబామా రాష్ట్రం, బర్మింగ్‌హామ్ సిటీ. 16వ స్ట్రీట్ బాప్టిస్ట్ చర్చి, నల్లజాతి వాళ్లది. పొద్దున 10:22కి మెట్ల కింద దాచిన డైనమైట్ పేలింది. బేస్‌మెంట్‌లో ఉన్న నలుగురు అమ్మాయిలు చనిపోయారు. ఆడీ మే, సింథియా, కరోల్... ఈ ముగ్గురికీ 14 ఏళ్లు. డెనిస్‌కి 11.

చేసింది కూ క్లక్స్ క్లాన్ మనుషులు. క్లాన్ అంటే పైనుంచి ఆర్డర్లు వస్తే కదిలే సైన్యం అనుకుంటాం కదా, అలా కాదు. ఏరియాకో శాఖ. వీళ్లది 'ఈస్ట్‌వ్యూ 13'. పగలు మామూలు ఉద్యోగాలు, సాయంత్రం మీటింగులు. అందులో కొంతమందికి క్లాన్ కూడా మెత్తబడిపోయిందనిపించింది! వాళ్లు పక్కకెళ్లి కహాబా నది బ్రిడ్జి కింద కలుసుకునేవాళ్లు. అందుకే 'కహాబా బాయ్స్' అన్నారు.

అయితే ఆ ఊళ్లో ఇది మొదటి బాంబు కానే కాదు. 1947 నుంచి 1965 లోపు దాదాపు 50 పేలాయి. చుట్టూ బొగ్గు, ఇనుప గనులు, అంటే మన కొత్తగూడెం టైపు ఊరు, డైనమైట్ దొరకడం పెద్ద పనేం కాదు. తెల్లవాళ్ల వీధి అంచున నల్లజాతి కుటుంబం ఇల్లు కొంటే చాలు, రాత్రికి పేలుడు. ఒక గుట్టకైతే 'డైనమైట్ హిల్' అనే పేరే పడిపోయింది. ఇన్ని జరిగినా శిక్ష పడినవాళ్లు దాదాపు లేరు.

ఇంకా ఘోరం వినండి. 1961 మే 14న ఫ్రీడమ్ రైడర్స్, అంటే బస్సుల్లో జాతి వివక్షని ఎదిరించినవాళ్లు, ఈ ఊరికొచ్చారు. పోలీసు శాఖని నడిపే కమిషనర్ బుల్ కానర్ క్లాన్‌కి 15 నిమిషాలు వదిలేశాడు, కొట్టుకోండని. ఈస్ట్‌వ్యూ శాఖలోనే ఉన్న ఇన్ఫార్మర్ ఎఫ్‌బీఐకి ముందే చెప్పాడు. అయినా ఎవరూ ఆపలేదు. ఇలాంటి చోట రెండేళ్ల తర్వాత చర్చి దాకా వచ్చారంటే నాకైతే ఆశ్చర్యం లేదు.

బాంబు పెట్టినవాళ్లలో రాబర్ట్ చాంబ్లిస్‌ని ఊరంతా 'డైనమైట్ బాబ్' అనే పిలిచేది. ముద్దుపేరు చూడండి! 1963లో అతని మీద నిలబడింది పర్మిట్ లేకుండా డైనమైట్ ఉంచుకున్న కేసొక్కటే. 100 డాలర్ల ఫైను, ఆరు నెలల శిక్ష. 1968లో ఎఫ్‌బీఐ ఎవరి మీదా చార్జీలు లేకుండా ఫైల్ మూసేసింది.

తర్వాత అలబామా అటార్నీ జనరల్ బిల్ బాక్స్‌లీ కేసు మళ్లీ తెరిచాడు. 1977లో చాంబ్లిస్‌కి హత్య కేసులో శిక్ష పడింది. కోర్టులో అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది సొంత బంధువే, వరసకి మేనకోడలు. థామస్ బ్లాంటన్‌కి 2001లో, బాబీ ఫ్రాంక్ చెర్రీకి 2002లో శిక్ష పడింది. నాలుగో అనుమానితుడు హెర్మన్ క్యాష్ 1994లో కేసే లేకుండా చనిపోయాడు.

చెర్రీకి శిక్ష పడిన రోజుకి, బతికుంటే డెనిస్‌కి 50 ఏళ్లు ఉండేవి.